ఖాకీ గుడారం

దర్జీ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. వెలుగు రాకముందే లేవాలి, గుడారం మడవాలి, నలిగిన గడ్డిని చేత్తో లేపాలి, ఎవరి కంటా పడకుండా రోడ్డెక్కాలి. నడిచి వెళ్లి సముద్రం చూడాలన్నది ఆయనకు పెళ్లినాటి కోరిక. పగలు నడక, రాత్రి ఏ పొదల చాటునో పడక. భార్య ఒక్క షరతు మీద బయలుదేరింది.

"పొదల్లో పడుకున్నామని ఒక్కరు చూసినా సరే, ఆ రోజే బస్సెక్కి ఇంటికి. రేపు షాపుకొచ్చేవాళ్లకి నేను మొహం చూపించుకోవద్దూ?"

నీళ్ల ట్యాంకు వెనక, పొదల నడుమ ఆయనకు అనుకున్న వేళకే మెలకువ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఇన్నాళ్లూ సరిగా నిద్రపోని భార్య ఆ రోజు గురక పెడుతోంది. లేపబుద్ధి కాలేదు. కాసేపు పడుకోనిద్దామనుకున్నాడు. ఆ కాసేపట్లో భళ్లున తెల్లవారింది.

తల బయటపెట్టేసరికి ఎదురుగా పోస్టుమాన్ నిలబడి ఉన్నాడు. నోటి నిండా కేకు. దర్జీకి అప్పుడే బస్సు హారన్ వినిపించినట్టయింది.

"మా డాక్టరుకి చెప్పకండి. షుగరు," అన్నాడు పోస్టుమాన్ మింగకుండానే. "ఊళ్లో తింటే ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడికైతే నరమానవుడు రాడు."

అంతలో పొదల అవతల ఎవరో దగ్గారు. అది డాక్టరు దగ్గని పోస్టుమాన్‌కు తెలుసు. అతను దర్జీ చంక కింద నుంచి గుడారంలోకి దూరిపోయాడు. అప్పుడే కళ్లు తెరిచిన భార్య, పక్కన కేకు పట్టుకుని కూర్చున్న పరాయి మనిషిని చూసి అరవబోయింది. అతను చేతులు జోడించేసరికి ఆగింది.

డాక్టరు సిగరెట్టు ముట్టించి రెండు దమ్ములు లాగాక దర్జీని చూశాడు. తన మాట విని సిగరెట్లు మానేసినవాళ్లు ఊరినిండా ఉన్నారని, ఇది బయటికి పొక్కితే తన మాట ఇక చెల్లదని బతిమాలుకున్నాడు. అలా మానేసినవాళ్లలో ఒకడు కానిస్టేబులు. అతని బూట్ల చప్పుడు వినపడగానే డాక్టరు సిగరెట్టు తొక్కేసి గుడారంలో దూరాడు. వెనకే దర్జీ. లోపల డాక్టరూ పోస్టుమానూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరి మూతికి క్రీము, ఒకరి ముక్కులోంచి పొగ.

కానిస్టేబులు రోజూ గస్తీ వేళ అక్కడ కునుకు తీస్తాడు. గుడారాన్ని చూసి కొయ్యబారిపోయాడు. దర్జీ పోలీసు యూనిఫారాలు కుట్టే మనిషి. ఎండుగడ్డిలో కలిసిపోతుందని, మిగిలిన ఖాకీ ముక్కలన్నీ జతచేసి ఆ గుడారం కుట్టాడు. చెయ్యి ఊరుకోక దానికి బొత్తాల జేబులు రెండు, పైన భుజాల పట్టీలు కూడా వేశాడు. కొత్త ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా తనిఖీలు చేస్తారని స్టేషనులో ఈ మధ్య ఒకటే గుసగుస.

కానిస్టేబులు గుడారానికి సెల్యూట్ కొట్టాడు.

"సార్, నేను పడుకోడానికి రాలేదు సార్. మీరు లేచేదాకా ఇక్కడే కాపలా ఉంటాను సార్."

లోపల నలుగురూ ఊపిరి బిగబట్టారు. డాక్టరుకు ఆసుపత్రి వేళ మించిపోతోంది. పోస్టుమాన్ సంచిలో ఊరి ఉత్తరాలన్నీ ఉన్నాయి. దర్జీ మాత్రం ఒక మూలన పక్కబట్టలు సర్దడం మొదలుపెట్టాడు. ఎవరిదో కొత్త కోటు మడిచినట్టు, రగ్గు అంచులు కలిపి మడత మీద మడత వేస్తున్నాడు. భార్య ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. గడువుకు ముందే బట్టలడిగేవాళ్లను షాపు మెట్ల మీంచే తిప్పిపంపే గొంతు అది.

"బాబూ, ఇక్కడ నువ్వెవర్నైనా చూశావా?"

కొత్త ఇన్‌స్పెక్టరు ఆడమనిషని కానిస్టేబులుకు ఎవరూ చెప్పలేదు. ఇంకాస్త బిగుసుకున్నాడు.

"లేదు మేడమ్."

"మేమూ నిన్ను చూడలేదు. వెళ్లి నీ పని చూసుకో."

బూట్ల చప్పుడు పరుగందుకుంది. ఆవిడ మిగిలిన ఇద్దరి వైపు తిరిగింది. తానెవర్నీ చూడలేదని డాక్టరు చెప్పాడు. పోస్టుమాన్ నోరు ఖాళీ లేక తల అడ్డంగా ఊపాడు. చెరో దిక్కుకు వెళ్లిపోయారు.

దర్జీ పక్కచుట్ట చంకన పెట్టుకుని లేచాడు.

"బస్టాండు ఎటో కనుక్కుంటాను."

"బస్టాండెందుకండీ? మనల్నెవరూ చూడలేదని ముగ్గురూ చెప్పారుగా," అంటూ ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రం తర్వాతి ఊరి శివార్లలో దర్జీ చోటు వెతుకుతుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది.

"ఈసారి మరీ అంత మరుగైన చోటు వద్దండీ. రద్దీగా ఉంటుంది."