కొడవలి పట్టని మట్టయ్య

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే మట్టయ్యకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం వింతేమీ కాదు గానీ, ఆ రోజు చాయ్ తాగకముందే వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో ఆయన కట్టుకున్న ఇంటి ముందు కొంచెం జాగా ఉంది. లాన్ పెంచుతానని కాలనీ అంతటికీ చెప్పి అక్కడ వేసిన గడ్డి, వానలకు మోకాలి దాకా పెరిగి కూర్చుంది. సాయంత్రం ఆ జాగాలోనే బతుకమ్మ ఆడదామని ఆయన భార్య అండాలమ్మ ముప్పై మంది ఆడవాళ్లను పిలిచేసింది.

"సకల జనుల సమ్మె అని ఇరవై రోజుల సంది ఆఫీసుకు పోతలేవు. గింత గడ్డి కోయనీకి నీకు తీరలే" అంది అండాలమ్మ, గునుగు పూల కాడలు సమంగా కత్తిరిస్తూ. "కొడవలి పడితే రెండు గంటల పని."

"కొడవలా? నల్లగొండల మా నాయిన పట్టిందే సాలు. నేను గవర్నమెంటు నౌకరి చేస్తున్నది మల్ల కొడవలి పట్టనీకేనా?"

"సరే తియ్యి. సాయంత్రం దాకా చూస్త. కాకపోతే త్రినాథరావు సారు ఇంటి ముంగట ఆడుకుంటం. వాళ్ల జాగ తివాసీ లెక్క ఉంటది."

ఆ మాటకు మట్టయ్య ఒళ్లు మండిపోయింది. పక్కింటి త్రినాథరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్లుగా బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన దగ్గర పెట్రోలుతో నడిచే గడ్డి మిషన్ ఉంది. ప్రతి ఆదివారం ఎనిమిది గంటలకు, నెత్తిన టోపీ పెట్టుకుని మరీ దాన్ని స్టార్ట్ చేస్తాడు. ఆ చప్పుడు తనను ఎగతాళి చేయడానికేనని మట్టయ్యకు గట్టి నమ్మకం. సమ్మె టెంటులో రోజూ తెలంగాణ కోసం గొంతు చించుకుని, తీరా పండగ నాడు తన ఇంటి బతుకమ్మను ఆయన గడ్డి మీద ఆడించడమా? అంతకన్నా ఇల్లు అమ్ముకుని పోవడం మేలనుకున్నాడు.

"మిషన్ తెస్త" అని చెప్పులేసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో లచ్చయ్య హార్డ్‌వేర్ దుకాణం షట్టరు సగం దించి ఉంది. మట్టయ్య వంగి లోపలికి దూరాడు.

"గడ్డి కోసే మిషన్ కావాలె. పెట్రోల్‌ది. మా పక్కింటాయన దానికంటే పెద్దది."

"ఉన్నది సార్. పెట్రోల్ ఎక్కడికెల్లి తెస్తరు? నిన్నటి సంది బంకులు బందున్నయి."

"అయితే కరెంటుది ఇయ్యి."

లచ్చయ్య ఆగిపోయిన ఫ్యాను వైపు చూశాడు. "బొగ్గు గనులల్ల గూడ సమ్మెనాయె. పొద్దుగాల పోయిన కరెంటు ఇంక రాలే. మీరు వైరు పట్టుకోని కూసుంటే పండుగ ఎల్లిపోతది."

మిగిలింది చేత్తో తోసే మిషన్. రెండు చక్రాలు, మధ్యలో గుండ్రంగా తిరిగే బ్లేడ్లు. దాన్ని బయటికి తీస్తూనే లచ్చయ్య అడిగాడు, "గడ్డి ఎంతున్నది సార్?"

మట్టయ్య మోకాలు చూపించాడు.

"గట్లయితే ఇది పనికిరాదు. గడ్డి బెత్తెడు లోపలుంటేనే ఇది కోస్తది. పొడుగు గడ్డి బ్లేడ్ల మీద వాలిపోతది. ముందుగాల కొడవలితోని కోసి, ఆ తర్వాత..."

"మల్ల కొడవలేనా!" మట్టయ్య కౌంటర్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. "కొడవలి కావాలంటే నీ దగ్గరికెందుకు ఒస్తనయ్యా? మిషన్ ఇయ్యి!"

కోపంలో ఉన్నవాడికి సలహా ఇచ్చే ఓపిక ఏ దుకాణదారుకూ ఉండదు. లచ్చయ్య మిషన్ ఇచ్చేశాడు.

బస్సుల్లేవు, ఆటోలు కూడా సమ్మెలోనే ఉన్నాయి. మట్టయ్య మిషన్‌ను నడిరోడ్డు మీద గరగరలాడిస్తూ, కొత్తపేట మీదుగా ఇంటి దారి పట్టాడు. అడుగడుక్కీ లచ్చయ్యను, త్రినాథరావును, వానలను తిట్టుకున్నాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు వచ్చేసరికి దారి మూసుకుపోయి ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వందల మంది వంటావార్పు చేస్తున్నారు. ఆ రోజుల్లో ఎవరి పనిని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చేయడమే నిరసన. పంతుళ్లు రోడ్డు మీదే పాఠాలు చెప్పారు, వకీళ్లు రోడ్డు మీదే వాదించారు, ఇస్త్రీ చేసేవాళ్లు రోడ్డు మీదే బట్టలు మడిచారు. అలాంటి రోడ్డు మీదికి ఒక మనిషి కళ్లెర్రజేసి గడ్డి మిషన్ తోసుకుంటూ వస్తే జనం ఏమనుకోవాలి?

"జర జాగ ఇయ్యుండ్రి! తోటల డిపార్ట్‌మెంట్ అన్న ఒచ్చిండు!" అని మైకులో అరిచాడు అక్కడి నాయకుడు రాజు.

"నాది ఏ తోటల డిపార్ట్‌మెంటూ కాదు. పక్కకు జరుగుండ్రి, నేను ఇంటికి పోవాలె!"

"అన్న కోపం చూసిండ్రా? గట్లుండాలె!"

మెడలో దండ పడింది. ఎవరో మిషన్‌ను ఎత్తి డివైడర్ మీద పెట్టారు. మట్టయ్యకు అరవాలనిపించింది. అరిచాడు కూడా. అరిచిన కొద్దీ చప్పట్లు పెరిగాయి. ఐదు నిమిషాలు తోస్తే వదిలేస్తారు కదా అని చివరికి పిడి పట్టుకున్నాడు. డివైడర్ మీది గడ్డి బెత్తెడే ఉంది, మిషన్ దాన్ని చకచకా కోసుకుంటూ పోయింది. ఇదే గడ్డి తన ఇంటి ముందు ఉంటే ఎంత బాగుండేదోనని ఆయనకు ఇంకా మండింది.

టీవీ మైకు ముందుకొచ్చింది. "ఇంత ఆగ్రహం ఎందుకు సార్?"

"ఎందుకుండదు? పొద్దుగాల సంది ఒక్కడన్న నా మాట ఇంటున్నడా?"

చౌరస్తా దద్దరిల్లింది. ఆ దద్దరిల్లుడుకే పోలీసు వ్యాన్లు వచ్చాయి.

"ఏందిది? బ్లేడ్లున్నయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మిషన్‌ను లాఠీతో పొడిచి.

"గడ్డి కోసేదానికి బ్లేడ్లు గాక పూలుంటయా?"

ఆ జవాబుతో అందరికంటే ముందు వ్యాన్ ఎక్కింది మట్టయ్యే.

ఠాణాలో కూర్చుని అండాలమ్మకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. ఐదున్నరకు అందరినీ వదిలేశారు, ఆయన మిషన్‌తో సహా. వాడిపోయిన దండ మెడలోనే ఉందన్న సంగతి కూడా మరచిపోయి, దాన్ని తోసుకుంటూ కాలనీలోకి వచ్చాడు. దూరం నుంచే పాటలు వినిపించాయి. త్రినాథరావు ఇంటి ముందు తన పరువు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టించుకుంటున్నట్టు అనిపించింది.

పాటలు త్రినాథరావు ఇంటి నుంచి రావడం లేదు. మట్టయ్య ఇంటి నుంచే వస్తున్నాయి. వాకిట్లో గడ్డి నున్నగా కోసి ఉంది. మధ్యలో బతుకమ్మలు పేర్చి ఉన్నాయి, చుట్టూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. గోడ పక్కన త్రినాథరావు లుంగీ ఎగగట్టి, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చేతిలో కొడవలి ఉంది.

"మా ఇంట్ల గడ్డి మిమ్ముల ఎవరు కోయమన్నరు?" అని మీద పడ్డాడు మట్టయ్య.

"ఎవరూ అనలేదండీ. మీ ఆవిడ గారొచ్చి మా వాకిట్లో ఆడుకుంటామన్నారు. నేనే వద్దన్నానండీ."

"వద్దన్నరా! మా బతుకమ్మ మీ జాగల ఆడొద్దా?"

"మధ్యాహ్నం కరెంటొచ్చాక మీరు వ్యాన్ ఎక్కడం టీవీలో చూశామండీ. ఇంటాయన స్టేషన్లో ఉంటే ఆయన వాకిట్లో పండగ పక్కింటికి పోవడమేంటండీ? మనసొప్పలేదు."

మట్టయ్య ఆయన చేతిలోని కొడవలి చూపించాడు.

"పెట్రోల్ మిషన్ ఉండంగ కొడవలెందుకు?"

త్రినాథరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అది గడ్డిని కొయ్యదండీ, పీకుతుంది. కొన్న వారానికే తెలిసింది. ఆదివారం తెల్లారకముందే కొడవలితో కోసేసుకుంటా. ఎనిమిదింటికి మిషన్ ఊరికే తిప్పుతానండీ."

"ఊరికే ఎందుకు?"

"మీరు కిటికీలోంచి చూస్తుంటారు కదండీ. బ్యాంకు ఉద్యోగం చేస్తూ కొడవలి పట్టుకుంటే ఏమనుకుంటారోనని."

పొద్దుటి నుంచి మోసుకు తిరిగిన కోపాన్ని ఎక్కడ దించాలో మట్టయ్యకు తెలియలేదు. గోడ మూల ఒక చారెడు గడ్డి మిగిలిపోయి ఉంది. త్రినాథరావు చేతిలోంచి కొడవలి లాక్కుని అక్కడ గొంతుక్కూర్చున్నాడు. ముప్పై ఏళ్లయినా చెయ్యి మరచిపోలేదు. పిడికిట గడ్డి పట్టుకోవడం, మొదలుకంటా కోయడం, పక్కన వేయడం అన్నీ తండ్రి చేసినట్టే సాగాయి.

"ఏందయ్యా, కొడవలి పట్టనంటివి?" అంది అండాలమ్మ, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ఇద్దరికీ చెరొకటి తెచ్చి.

"మూల మిగిలింది" అన్నాడు మట్టయ్య తలెత్తకుండా.

తరువాతి ఆదివారం ఎనిమిది గంటలకు గోడకు అటొకటి, ఇటొకటి రెండు మిషన్లు గట్టిగా చప్పుడు చేస్తూ నడిచాయి. గడ్డి మాత్రం తెల్లారకముందే కోసి ఉంది.