పర్‌ఫెక్ట్‌గా వణుకుతున్నాం!

చలి ఆఫీసు మహాభాగ్యం! నవ్వకండి. అమెరికాలోని నోవైలో, కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో, ఈ 1980 జనవరి అంతా ఓవర్‌కోటు విప్పకుండా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మీకు తెలిసిందే, చమురుకి కరువొచ్చింది. ఆఫీసుల్లో హీటింగు అరవై ఐదు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటకూడదని ప్రభుత్వం ఆజ్ఞ జారీచేసింది. మా బాస్ హాస్కెల్‌కి దేశభక్తి మెండు. దాటకూడదన్నారు కదా, అసలు దాని దరిదాపులకే పోకూడదని యాభై ఎనిమిది దగ్గర ఆపేసి, హీటింగు తిప్పే థర్మోస్టాట్ మీద ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. ఇంతకంటే తగ్గకూడదని మాత్రం ఆ ఆజ్ఞలో ఎక్కడా లేదట! ఎంత ఉదారమైన చట్టం!

లాభాలు ఎన్నని చెప్పను? భోజనం చేశాక కునుకు రాదు. మంకీ క్యాప్ పెట్టుకుంటే మీటింగులో ఎవరు తిట్టినా సగమే వినబడుతుంది. ఆఫీసులో ఉన్న మా నలుగురు తెలుగువాళ్లలో పెద్దాయన రాజగోపాల్ గారు ప్యాంటు కింద పైజామా, దాని కింద ఇంకో పైజామా వేసుకొస్తున్నారు. ఆ అవతారంలో తీయించుకున్న ఫోటో ఇండియాకి పంపితే, అమెరికా నీళ్లు వంటబట్టాయని చుట్టాలంతా మురిసిపోయారట. ఇక శ్యామ్‌సుందర్ అయితే వేడి సాంబారు ఫ్లాస్కుని లంచ్ దాకా ఒళ్లో పెట్టుకుని లెక్కలు వేస్తాడు. సాంబారుకి ఇంత గౌరవం మన దేశంలో కూడా దక్కలేదు!

టైపిస్టు డొరోతీకి ఈ లాభాలేవీ కనబడలేదు. మనుషుల్ని పనిలో పెట్టుకున్నవాడికి వాళ్లు గడ్డకట్టకుండా చూసే బాధ్యత కూడా ఉంటుందని హాస్కెల్ ముఖం మీదే అనేసింది. ఆయన వెంటనే మా బల్లల దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఈజ్ ఇట్ టూ కోల్డ్ ఫర్ యూ?"

విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఇంకాస్త వడ్డించనా అని అడిగితే మనమేమంటాం? వద్దండీ, చాలండీ అంటాం. వాళ్లు మళ్లీ అడగాలి, మనం మళ్లీ వద్దనాలి, అప్పుడు గరిటె వాలాలి. అదీ మర్యాద!

"నో, నో! పర్‌ఫెక్ట్!" అన్నారు రాజగోపాల్ గారు, పళ్లు టకటకలాడుతుండగా. "పర్‌ఫెక్ట్!" అన్నాడు శ్యామ్‌సుందర్. నేనూ అన్నాను. పక్క బల్ల వసుమతి సీట్లో లేకపోతే, "షీ ఆల్సో పర్‌ఫెక్ట్!" అని ఆవిడ తరఫున కూడా మేమే చెప్పేశాం.

రెండోసారి అడుగుతాడు కదా అని చూశాం. "గుడ్!" అని వెళ్లిపోయాడు. వేడి దేశం నుంచి వచ్చినవాళ్లకే లేని చలి నీకెక్కడిదని డొరోతీ నోరు మూయించాడు.

వసుమతి అప్పుడెక్కడుందంటారా? రెస్ట్‌రూములో వేడినీళ్ల కింద వేళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. మా ఆఫీసులో డ్రాయింగులు గీసేది ఆవిడే. చలికి వేళ్లు వాచి ఎర్రబడిపోయాయి, పెన్సిలు పట్టు తప్పుతోంది, గీతలు వణుకుతున్నాయి. భర్త ఇంకా యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది.

ఆ సాయంత్రం హాస్కెల్ ఆవిడని తన గదికి పిలిచి, డ్రాయింగు వెనక్కిచ్చి, గీతలు ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. చలివల్ల అలా అవుతోందని ఆవిడ చెప్పింది. మీవాళ్లంతా పర్‌ఫెక్ట్ అన్నారే అన్నాడాయన. తలుపు తీసే ఉంది కాబట్టి ఈ మాటలన్నీ మాకు వినబడ్డాయి. ముగ్గురం తలలు వంచుకుని చాలా శ్రద్ధగా పనిచేశాం.

ఆయన గదిలో బల్ల కింద ఎలక్ట్రిక్ హీటరు ఎర్రగా వెలుగుతోంది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాడు. వసుమతి తన రెండు చేతులూ ఆయన ముందు బల్ల మీద పెట్టింది. నాకు చలిగా ఉంది, నా డ్రాయింగ్ బోర్డు ఈ గదిలోనే వేయించండి అంది. బతిమాలలేదు, సారీ కూడా చెప్పలేదు!

హాస్కెల్ ఆ వేళ్లు చూశాడు. తన గది చూసుకున్నాడు. లేచి వచ్చి, తాళం తీసి అరవై ఐదుకి తిప్పాడు. చట్టం మొదటినుంచీ ఒప్పుకున్న అరవై ఐదే! వెచ్చటి గాలి మొదలవగానే మా వైపు తిరిగి, ఇప్పుడెలా ఉందని అడిగాడు.

"వై సో మచ్ ట్రబుల్, సర్! బిఫోర్ ఆల్సో వెరీ నైస్!" అన్నారు రాజగోపాల్ గారు.

హాస్కెల్ చెయ్యి మళ్లీ థర్మోస్టాట్ వైపు వెళ్లింది. వసుమతి గబగబా వచ్చి, వాచిన చేతిని దానికి అడ్డం పెట్టి నిలబడింది. మావైపు తిరిగి తెలుగులో అంది.

"మీ మొహమాటాలు భోజనాల దగ్గర పడండి రాజగోపాల్ గారూ. ఇక్కడ పోయేది నా ఉద్యోగం."

డొరోతీకి తెలుగు ముక్క రాదు. అయినా చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గేసింది.

పాఠకులారా! మీ బాస్ వచ్చి చలిగా ఉందా అని అడిగితే, ఉందని మొదటిసారే చెప్పండి. అంత ధైర్యం లేకపోతే, నాలాగే ఊరికే వణుకుతూ కూర్చోండి. పక్క బల్ల తరఫున మాత్రం జవాబు చెప్పకండి.