ఫ్రిజ్ లోపలికి, బెంచీలు బయటికి

పొద్దున్న ఎనిమిదికల్లా గోడౌన్ నల్లబల్ల మీద సరుకు చేరవేతకు ప్లాను వేసే మాస్టారు రెండు వరుసలు రాశారు. ఒకటి, బడికి బెంచీలు. రెండు, వంతెన అవతలి ఆస్పత్రికి ఫ్రిజ్, పన్నెండులోపు. ఆస్పత్రిలో పాత ఫ్రిజ్ మూలపడింది. పసిపిల్లల టీకాలు ఐసుపెట్టెలో ఉన్నాయి. ఆ ఐసు పన్నెండు దాటితే నీళ్ళే.

ఆఖర్న దించేది ముందు ఎక్కాలి గనక ఫ్రిజ్ లారీ లోపలికంటా పోయింది.

"మాస్టారూ, ఆ ఆస్పత్రి..." అన్నాడు బొటనవేలికి కట్టుతో ఉన్న హమాలీ మేస్త్రీ.

"ప్లాను నాది, మోత నీది! నోర్మూసుకుని ఎత్తు!"

బెంచీలన్నీ ఎక్కాక డ్రైవరు తల గోక్కుంటూ వచ్చాడు. "బడి రోడ్డు పైపు కోసం తవ్వేశారట సార్."

"నన్నడక్కుండానే? రోడ్డు వాళ్ళ తాతగారిదా?" మాస్టారు భగ్గుమన్నారు. బల్ల తుడిచారు. అన్నీ దించి, బెంచీలు లోపలికి, ఫ్రిజ్ బయటికి ఎక్కించారు. మేస్త్రీ మళ్ళీ నోరు తెరవబోతే సుద్దముక్క విసిరారు.

తాడు కట్టేసరికి పదిన్నర. డ్రైవరు మళ్ళీ వచ్చాడు. "వంతెన మీదికి ఒంటిగంటదాకా లారీలు వదలరట. బడి రోడ్డు మాత్రం పూడ్చేశారు సార్."

"కుట్ర! నామీద పగబట్టి చేస్తున్నారు!" మాస్టారి ముఖం కందగడ్డయింది. "దించండి! ముందు బడికే! మళ్ళీ ఫ్రిజ్ లోపలికి, బెంచీలు బయటికి! వంతెన సంగతి నేను చూసుకుంటా!"

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. నేలమీదున్న ఫ్రిజ్‌ను ఆనుకునే, "దారిలో ఉందండీ," అన్నారాయన.

పన్నెండుకి పావుగంట తక్కువకి వెనకగేటు కిర్రుమంది. తెల్లకోటు కాంపౌండరు లోపలికొచ్చి ఫ్రిజ్ మీద చెయ్యేశాడు.

"ఇదేనా మాది? పొద్దుట్నుంచీ మీ కేకలు మా కిటికీలోకి వినబడుతూనే ఉన్నాయి. వేరే ఏదో ఆస్పత్రికి అనుకున్నాం."

"మీది వంతెన అవతల కదయ్యా!"

"పోయిన నెలే ఈ గోడ వెనక్కి మారాంగా!"

మాస్టారు మేస్త్రీ వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

మేస్త్రీ కట్టుకట్టిన బొటనవేలు చూపించాడు. "నిన్న కట్టించుకుంది అక్కడే. చెప్పబోతే సుద్ద విసిరారు."

నలుగురు హమాలీలు ఫ్రిజ్‌ను ఎత్తుకుని వెనకగేటులోంచి నడిచారు. అయిదు నిమిషాల్లో ఫ్రిజ్ ఆస్పత్రి చేరింది, టీకాలు గట్టెక్కాయి.

ఆ సాయంత్రం మాస్టారు రిపోర్టు రాశారు: "గడువుకు పది నిమిషాల ముందే చేరింది. కారణం: పకడ్బందీ ప్లానింగ్."