ఆరూ నలభై విమానం

విమానాశ్రయంలో శబ్దాల విభాగం అధికారి ఆ ఉదయం ఒకే పని పెట్టుకున్నాడు: తన మేడ మీద వారంగా ఉన్న శబ్దాలు కొలిచే యంత్రంలోని అంకెలు రాసుకుని, పదింటికల్లా నివేదిక ఇచ్చేయడం. ఇల్లు సరిగ్గా విమానాల దారి కిందే ఉంది కనుక యంత్రాన్ని అక్కడే, మేడ మీది స్నానాలగది పక్కన పెట్టించాడు.

రోజూ ఆరూ నలభైకి తొంభై రెండు డెసిబెల్స్! ఆ వేళకు ఇంటి మీదుగా దిగేది ఒక్కటే విమానం. యంత్రం శబ్దాన్ని రికార్డు కూడా చేసింది గానీ, అంకె ఉండగా వినడం దేనికని వదిలేశాడు.

మధ్యాహ్నానికి ఆ విమానం పైలట్‌ను పిలిపించారు.

"మీరు చెప్పినట్టే ఇంజన్ తగ్గించి దించుతున్నానండీ," అందామె.

"మీ మాట నమ్మాలా, మా మిషన్ మాట నమ్మాలా?" అన్నాడు అధికారి.

ఆమెను డ్యూటీ నుంచి తప్పించారు. విమానాన్ని ఊరి అవతలి వైపు నుంచి తిప్పారు. అక్కడి ఆసుపత్రి వాళ్లు గగ్గోలు పెట్టారు. మూడోరోజుకి రెండు పేటల వాళ్లూ, పైలటూ డైరెక్టర్ గదిలో కూర్చున్నారు. తమ వీధి తరఫున అధికారి భార్య కూడా వచ్చింది.

"ఆ రికార్డు వినిపించవయ్యా, గొడవ తేలిపోతుంది," అన్నాడు డైరెక్టర్.

అధికారి ధీమాగా మీట నొక్కాడు.

సన్నగా విమానం మోత. దాని మీద, గది అదిరేలా ఒక గొంతు: "నా తువ్వాలేదీ? ఎన్నిసార్లు అరవాలి? ఈ కొంపలో ఎవరికైనా చెవులున్నాయా?"



"ఇంకో రోజుది పెట్టు," అన్నాడు డైరెక్టర్.

ఆ రోజు సబ్బు.

గది గొల్లుమంది. అధికారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవ్వినవాళ్లను భరించగలిగాడు గానీ, భార్యను చూడలేకపోయాడు. తప్పు తానే చేసినట్టు ఆమె నేల చూపులు చూస్తోంది.

అతను లేచి పైలట్ దగ్గరికి వెళ్లాడు. "క్షమించండమ్మా. వినకుండానే రాసేశాను."

"పోనీలెండి. నన్ను అన్నది మూడు రోజులేగా," అంటూ ఆమె అతని భార్య వైపు చూసింది.

ఇంటికి నడుస్తూ అతను భార్యను అడిగాడు. "నిజంగా అంత గట్టిగా అరుస్తానా నేను?"

"లేదండీ," అంది భార్య. "ఈ వారం మిషన్ ఉందని కాస్త తగ్గించారు."

మర్నాడు పైలట్ డ్యూటీకి వచ్చింది, విమానం పాత దారికి వచ్చింది, డైరెక్టర్ బల్ల మీదికి సవరించిన నివేదిక వచ్చింది: "శబ్దానికి మూలం విమానం కాదు. తగ్గింపు చర్యలు మొదలయ్యాయి; ఫలితాలను మా ఆవిడ ధ్రువీకరించవలసి ఉంది."