బొట్టు పెట్టుకున్న కత్తి

శనివారం పొద్దున్న జయపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. శాలినికి బీరకాయలు కోసిచ్చి, గవర్నర్‌పేటలో తాను పనిచేసే మందుల హోల్‌సేల్ షాపుకు వెళ్ళొచ్చి, సాయంత్రం ఊరవతల కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చోవాలి. బీరకాయకీ చేపకీ అతని దగ్గర ఒకటే కత్తి. చవగ్గా కొన్నది, మడత పడనిది, నారింజరంగు పిడిది. బెల్టుకు తగిలించుకోవడానికి ప్లాస్టిక్ ఒర కూడా ఇచ్చారు. అది కొన్నప్పట్నుంచి పాల ప్యాకెట్టు, కొరియర్ డబ్బా, పక్కింటి కరివేపాకు కొమ్మ, దేన్నీ అతను ఊరికే వదల్లేదు.

వాళ్ళుండేది బెంజ్ సర్కిల్ వెనక సందులో, కింది వాటాలో. ఏడు నెలలు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఇల్లు. పైన ఉండే ఇంటివాళ్ళు సాంబశివరావు, కనకవల్లి దంపతులు పెట్టిన షరతు ఒక్కటే. గడప లోపలికి నీచు రాకూడదు, వచ్చిన రోజే ఖాళీ చెయ్యాలి. జయపాల్ మాట తప్పే మనిషి కాదు. చేప పట్టడం, కోయడం, వేయించడం, భార్యతో కలిసి తినడం, అన్నీ గట్టు మీదే ముగించేవాడు. ఇంటికి వచ్చేది కత్తి ఒక్కటే. దాన్ని కడిగి, ఒరతో సహా పెరటి కిటికీలో ఆరబెట్టేవాడు.

ఆ పొద్దున్న కత్తి కిటికీలోనే ఉంది గానీ, మధ్యలో ఎర్రగా ఏదో ఉంది.

"ఏవండీ, చెయ్యి కోసుకున్నారా?" అంది శాలిని.

"లేదే!"

ఆమె వేలితో తాకి చూసింది. కుంకుమ. కంపాసుతో గీసినట్టు గుండ్రంగా ఉంది.

"మనింట్లో కుంకుమే లేదు కదండీ," అంది శాలిని, చాలా చిన్న గొంతుతో.

ఆదివారం రెండు బొట్లు, పసుపు. చర్చి నుంచి రాగానే శాలిని కత్తిని తోమి, ప్రార్థన చేసిన నూనెతో దాని మీద సిలువ గీసింది. సోమవారం ఆ సిలువ మీదే మూడు బొట్లు, పిడికి నల్లదారం! ఎవరో పట్టుదలతో జవాబు చెబుతున్నట్టుగా ఉంది. శాలిని ఇంకో సంగతి కూడా గమనించింది. సాయంత్రం కాగానే పైనుంచి సాంబ్రాణి వాసన దిగుతుంది, గంట మోగుతుంది. ఏడుస్తున్న పసిబిడ్డ ఎవరో నోరు మూసినట్టు ఠక్కున ఆగిపోతాడు. ఇంటివాళ్ళ అమ్మాయి మనోజ్ఞ పురుడు పోసుకుని పుట్టింట్లోనే ఉంది. పసివాడు ఏడుపు మానితే ఎవరికైనా సంతోషమే. కానీ ఈ మానడం శాలినికి నచ్చలేదు.

సోమవారం సాయంత్రం జయపాల్ కత్తిని సందు చివరి కాలవ వంతెన మీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళలో పారేద్దామని చెయ్యెత్తాడు గానీ ముచ్చటపడి కొన్న వస్తువు కదా, మనసొప్పలేదు. పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మంగళవారం పొద్దున్న కత్తి కిటికీలో ఉంది. బొట్టు పెట్టుకుని, మొనకి నిమ్మచెక్క గుచ్చుకుని మరీ వచ్చింది.

"ఇల్లు ఖాళీ చేద్దాం," అంది శాలిని. జయపాల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. మళ్ళీ ఏడు నెలలు ఎవరు తిరుగుతారు? అయినా కత్తిని పేపర్లో చుట్టుకుని, భార్యతో కలిసి మెట్లెక్కాడు.

తలుపు తీసిన కనకవల్లి ముఖం పీక్కుపోయి ఉంది. "మీక్కూడా తెలిసిందా బాబూ?" అంది, వాళ్ళు నోరు తెరవకముందే. "నాలుగు రోజుల్నించీ పసివాడి దగ్గర నీచు వాసన! మా ఏడు తరాల్లో చేప ముట్టినవాళ్ళు లేరు. ఏ చేపలు పట్టేవాడి ఆత్మో ఇంట్లో తిరుగుతోంది. మనోజ్ఞ బిడ్డనెత్తుకుని కూచిపూడి అత్తారింటికి ఇవాళే వెళ్ళిపోతానంటోంది. పది రోజులన్నా ఎత్తుకోలేదు నేను వాణ్ణి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పైగా కత్తి మీద నూనెతో ఏవో గీతలు!"

"ఏ కత్తండీ?"

"మీదే, ఒరతో సహా. పురిటిబిడ్డ దిండు కింద ఇనుము పెట్టాలి కదా. మా అత్తగారి ఆనవాయితీ, పరాయి ఇంటి ఇనుమే ఉండాలి, నోరు తెరిచి అడక్కూడదు. సాయంత్రం తీసుకెళ్ళి తెల్లారేసరికి పెట్టేస్తున్నా. వాసన ఎక్కువైనకొద్దీ బొట్లు పెంచా."

"చేతికిచ్చి చెప్పొచ్చు కదండీ!" అంది శాలిని.

"కత్తి చేతికిస్తే తగాదాలొస్తాయమ్మా," అంది కనకవల్లి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"నిన్న వంతెన మీద మర్చిపోయారు," అన్నాడు లోపల్నుంచి సాంబశివరావు. "వాకింగ్‌కెళ్ళి నేనే తెచ్చా."

జయపాల్ ఊరుకుంటే ఇల్లు దక్కేది. ఆత్మ మీదికి తోసేస్తే సరిపోయేది. కానీ లోపల మనోజ్ఞ పెట్టె సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎదురుగా ఈవిడ కళ్ళు తుడుచుకుంటోంది. అతని వల్ల కాలేదు.

"ఆత్మ కాదండీ," అన్నాడు. "జెల్ల చేపలు. గట్టునే కోసి అక్కడే తింటాం. వాసన ఒరలో పట్టేసుంటుంది."

కనకవల్లి అక్కడే మెట్టు మీద కూలబడింది. మనవడు నాలుగు రాత్రులు దేని మీద పడుకున్నాడో ఆమెకు నెమ్మదిగా అర్థమైంది. సాంబశివరావు బయటికొచ్చి, కోపం లేకుండా, అందుకే మరింత భయం వేసేలా అన్నాడు: "ఆదివారంలోగా ఖాళీ చెయ్యండి."

ఆ మధ్యాహ్నమే ఆయన వెళ్ళి అలాంటి కత్తే కొత్తది తెచ్చాడు. తళతళలాడుతోంది, ఏ వాసనా లేదు. మనోజ్ఞ పెట్టె విప్పేసింది. కానీ పసివాడు ఆ రాత్రి నిద్రపోలేదు. బుధవారం లేదు, గురువారం లేదు. వాడి ఏడుపు సందు మలుపుదాకా వినిపించింది.

శుక్రవారం పొద్దున్న శాలిని అట్టపెట్టెలకు టేపు వేస్తుంటే, ఎర్రబడ్డ కళ్ళతో కనకవల్లి గుమ్మంలో నిలబడింది. పైకి ఒకసారి, సందులోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, మీవారు ఇవాళ గాలానికి వెళ్ళట్లేదా?"