బసన్న మింగని మాత్రలు

ఆ మంగళవారం బసన్న పెట్టుకున్నది చిన్న పనే. బావమరిది జయరాం ఎమ్మిగనూరు నుంచి ఆటో తెస్తాడు. ఇద్దరూ పత్తి బస్తాలు ఆదోని మార్కెట్ యార్డుకు తోలి, మధ్యాహ్నానికల్లా పెద్దకడుబూరు దగ్గరున్న తమ ఊరికి తిరిగొస్తారు. మలేరియా జ్వరం తగ్గి రెండు రోజులైంది. ఒళ్లు నీరసంగా ఉన్నా కాళ్లు నిలబడుతున్నాయి.

పొద్దున్నే దొడ్లోకి వెళ్లినవాడు, మూత్రం ఎర్రగా రావడం చూసి అక్కడే కూలబడ్డాడు.

"కవితా, ఎర్రగా పోతాండాదే!"

భార్య కవిత పరుగెత్తుకొచ్చి చూసి తల బాదుకుంది. ఆశా కార్యకర్త మేరి మాత్రలు ఇచ్చిన రోజు చెప్పిన మాటలు ఆమెకు బాగా గుర్తున్నాయి. "మూడు దినాల మాత్ర నెత్తురులో ఉండే మలేరియా పురుగును సంపుతాది. లివర్లో దాక్కొని నిద్రపోయేదానికి ఈ పద్నాలుగు దినాల మాత్ర. కొందరి నెత్తురుకు ఇది పడదు. ఉచ్చ ఎర్రగానో నల్లగానో పోతే మాత్ర ఆపేసి బిన్నా, ఆలీసం సెయ్యకుండా ఆస్పత్రికి రావల్ల."

"ఆ మాత్రలే నిన్ను తినేసినాయి!" అని కవిత ఏడుపు లంకించుకుంది.

బసన్న చెయ్యి నడుముకున్న వక్కాకు సంచి మీదికి పోయింది. నిజానికి పద్నాలుగు రోజుల మాత్రల్లో అతను ఒక్కటీ మింగలేదు. మూడు రోజుల చేదు మాత్రలకే కడుపులో తిప్పి, ఒళ్లంతా దురద పుట్టింది. జ్వరానికి అవి చాలవా, ఇంకా మందెందుకని, కవిత నీళ్లచెంబు ఇచ్చిన ప్రతిసారీ మాత్రను వక్కాకు సంచిలోకి జారవిడిచాడు. అందుకే జబ్బు ముదిరి నెత్తురంతా పోతోందని ఇప్పుడతనికి ఖాయమైపోయింది. చావంటే భయమేసింది. కవితకు నిజం చెప్పాలంటే అంతకన్నా భయమేసింది.

జయరాం వచ్చేసరికి వీధి వీధంతా ఇంటి ముందే ఉంది.

"ఏం మాత్రలిచ్చినావమ్మా మా బావకు? మనిషి పోతే నువ్వే జవాబు సెప్పల్ల!" అని, కబురందుకుని వచ్చిన మేరిని నిలదీశాడు. ఉద్యోగం పీకిస్తామన్నారు ఇంకెవరో. అవే మాత్రలు వాడుతున్న నలుగురు తమ తమ ఇళ్లలోకి పోయి, వాటిని తెచ్చి ఆమె కళ్లముందే మురుగుకాలవలో పారేశారు.

మేరి వాదించలేదు. "ముందు అన్నను ఆస్పత్రికి తీసకపోదాం పాండి" అంటూ ఆటో ఎక్కింది. పత్తి ఇంట్లోనే ఉండిపోయింది. దానికోసం వచ్చిన ఆటోలో బసన్నను పడుకోబెట్టారు. పిల్లల్ని బడి మాన్పించొద్దని, ఎద్దుల్ని అమ్మొద్దని అతను దారి పొడుగునా అప్పగింతలు పెడుతూనే ఉన్నాడు.

ఆదోని ఆస్పత్రిలో డాక్టర్ శృతి పరీక్షలు చేయించింది. "మూత్రంలో నెత్తురేమీ లేదే! మాత్రలు ఎన్ని వేసుకున్నావు?"

"ఐదు దినాలూ ఏసినాడు మేడమ్, నా సేత్తోనే ఇచ్చినా" అంది కవిత.

"రాసుకోండి మేడమ్, ఇచ్చిన ఆమె పేరు మేరి" అన్నాడు జయరాం.

మేరి గోడ పక్కన సంచి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక బసన్న ఆగలేకపోయాడు. వక్కాకు సంచి విప్పి బల్లమీద బోర్లించాడు. వక్కపొడి అంటుకున్న మాత్రలు దొర్లాయి.

"ఈ మాత్రలు ఒగటీ ఎయ్యలేదు మేడమ్. మేరమ్మ తప్పేం లేదు."

కవిత అతని వైపు చూడలేదు.

"మరి నిన్న ఏం తిన్నావు?" అని డాక్టర్ అడిగింది.

"బీట్‌రూటు. నెత్తురు పడుతుందని రెండు పూట్లా పెడతాండా" అంది కవిత, నేల చూస్తూ.

నెత్తురు తక్కువున్న కొందరికి ఆ రంగు అలాగే బయటికి వస్తుందని డాక్టర్ చెప్పింది. ఆ మాత్ర అతని నెత్తురుకు పడుతుందో లేదో పరీక్ష చేయించి, పడుతుందని తేలాక పద్నాలుగు రోజులూ మొదటినుంచి లెక్కపెట్టమంది. ఆ పద్నాలుగు రోజులూ అతను అన్నం తిన్నాక మేరి ఎదురుగా కూర్చుని మింగించింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే కొత్త మాత్రలతో ఆమె ఆ నలుగురి గడపలూ ఎక్కింది. బసన్న కూడా వెంట పోయి జరిగిందంతా చెప్పాడు.

"నువ్వు బతికింది మాత్ర మింగకనే గదప్పా!" అని వాళ్లలో ఒకడైన నాగప్ప తలుపేసుకున్నాడు. మిగతా ముగ్గురూ అదే మాట అన్నారు.

పత్తి ఏరడం అయిపోయేలోగా నలుగురికీ మళ్లీ జ్వరాలొచ్చాయి. నాగప్పను స్పృహ లేకుండా కర్నూలుకు తీసుకుపోయారు.

బసన్నకు మాత్రం జ్వరం తిరగబెట్టలేదు. చేనికి పోవడానికి ఆ నలుగురి ఇళ్లూ తగలని దారి ఇంకా వెతుక్కుంటున్నాడు.