ఒకటో సీటులో శ్రీ

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా సీట్ల చీటీలు అంటించి, ఎనిమిదింటికి గ్రూప్-2 మాక్ టెస్టుకు కూర్చోవాలని ముత్యాలు అనుకున్నాడు. అశోక్‌నగర్‌లోని ఆ రీడింగ్ హాల్లో కంప్యూటర్ పని అతనిది. అందుకు బదులుగా చివరిదైన నలభయ్యో సీటు అతనిది. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తానొక్కడే కనుక, చేసిన ప్రతి పనీ కంప్యూటర్ పక్కనే ఉంచే నోట్‌బుక్‌లో రాసిపెట్టేవాడు.

అతను వచ్చేసరికే ఓనరు బాలకిషన్ గారు కొత్త కంప్యూటర్ బిగించి, పాత ప్రోగ్రామ్ అందులో వేసి, చీటీలు తీసి అంటించేశారు. అందరూ ఒక్కో సీటు జరిగారు. అమ్మాయిల వరుసలో చివరి సీటు, ఇరవయ్యోది, వీణది. ఆమె అబ్బాయిల వైపు పడింది. కదలనంది. ఇరవయ్యో సీటు చీటీ వచ్చిన స్వరూప పుస్తకాలు మోస్తూ నిలబడింది. ఆమె పాత సీట్లో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు. ముత్యాలుకు అసలు చీటీయే లేదు. కిటికీ పక్కన, ఫ్యాను కింద ఒకటో సీటు మాత్రం ఖాళీ. దాని చీటీ మీద "శ్రీ" అని ఉంది.

"అన్నా, ఎవరీ శ్రీ? ఫోన్ నంబర్ గూడ లేదు" అంది స్వరూప.

పైన శ్రీ రాయనిదే బాలకిషన్ గారు ఏ లిస్టూ మొదలుపెట్టరు. ఆ మాట ఎత్తకుండా, ముత్యాలే లిస్టు చెడగొట్టాడన్నారు. తప్పు తనదేనని రాసిస్తే సీటు ఉంటుందన్నారు.

"రాయ సార్. సీటు పోతే చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద చదువుకుంట. నెల కిందనే రాసిపెట్టిన. పాత కంప్యూటర్ల ప్రోగ్రామును నడిపే షెల్ లిస్టును సున్నా నుంచి లెక్కపెడ్తది. మీ శ్రీ సున్నా కాడ కూసునేది, ఎవ్వరికీ అడ్డం రాలే. కొత్తది ఒకటి నుంచి లెక్కపెడ్తది. శ్రీకి సీటొచ్చింది, నాకు పోయింది."

"సున్నా నుంచి ఎవడన్న లెక్కపెడ్తడా? రాసింది చూపియ్యి మరి."

నోట్‌బుక్‌లో ఆ పేజీ లేదు. చింపిన అంచు మాత్రం ఉంది. అందరూ ముత్యాలు వైపే చూశారు. చేతులు నొప్పెట్టి స్వరూప పుస్తకాలను కొత్త కంప్యూటర్ టేబుల్ మీద దించింది. టేబుల్ ఊగింది. దాని కాలి కింది నుంచి ఒక మడత కాగితం జారింది. ఆమె విప్పి పైకి చదివింది: "కంప్యూటర్ మార్చే ముందు ఇది తప్పక చదవాలి."

బాలకిషన్ గారు ఫ్యాను వైపు చూస్తూ, టేబుల్ ఊగుతుంటే ఏదో కాగితం చింపి పెట్టానన్నారు. "శ్రీ మాత్రం తీసేది లేదు."

"తియ్యకుండ్రి సార్. రెండో పేరు నుంచి లెక్కపెట్టుమని దానికి చెప్త. ఎందుకో గీ కాగితం మీదనే రాసి గోడకు అతికిస్త. ఈసారి చింపొద్దు."

ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ముత్యాలు తన నలభయ్యో సీటులో కూర్చున్నాడు. కాగితం గోడకెక్కింది. అతికించే ముందు బాలకిషన్ గారు దాని పైన పెన్నుతో "శ్రీ" రాశారు.